గాలి చొరని ఇల్లు

పొద్దున లేవగానే ఇల్లంతా ఒక చుట్టు తిరిగి రానిదే పరంధామయ్యకి కాఫీ దిగదు. ముందు హాల్లో లైటు, తర్వాత మెట్ల దగ్గరది, ఆ తర్వాత బాత్రూంలో ఎవరో వదిలేసిన ఫ్యాను. ఒక్కొక్కటే ఆర్పుకుంటూ, పని లేని చార్జర్లు గోడలోంచి పీకి బల్లమీద పెడుతూ, దక్షిణం వైపు కిటికీల తెరలు ఎండ లోపలికొచ్చేలా లాగి, ఉత్తరం వైపువి మూసే ఉంచి, అప్పుడు వంటింట్లోకి వచ్చేవాడు. నెల్లూరు జిల్లా కరెంటాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. ఎక్కడ లైటు ఊరికే వెలుగుతున్నా ఆయన చెయ్యి దురద పెడుతుంది.

"తాతా! నేను ఉన్నాను ఇక్కడ! వై లైట్ ఆఫ్?" అని లోపల్నించి ఏడేళ్ళ హాసిని అరిచేది.

"ఉండావని చెప్పాలి గదా తల్లీ."

కొడుకు భీమశంకర్ మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల ఇంజన్లకి సంబంధించిన ఒక కంపెనీలో ఇంజనీరు. అక్టోబరులో తండ్రిని ఆర్నెల్లకని పిలిపించుకున్నాడు. మొదట్లో పరంధామయ్య పొదుపు మాటలు ఆ ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. "నాన్నా, ఇక్కడ హీటర్ ఆపితే మనకంటే ముందు నీళ్ళు గడ్డకట్టి పైపులు పగుల్తాయి" అని శంకర్ నవ్వేవాడు. కోడలు జాహ్నవి నవ్వేది కాదు గానీ, బట్టలారబెట్టే డ్రయ్యర్ వేసేటప్పుడు మామగారు పైన ఉన్నారో కింద ఉన్నారో చూసుకుని వేసేది.

అలాంటిది జనవరి మొదటివారంలో ఒక సాయంత్రం శంకర్ ఆఫీసు నించి వచ్చి, కోటైనా విప్పకుండా, ఇంట్లో వేడిని సరిచేసే థర్మోస్టాట్ ముందు నిలబడి, డెబ్భై ఒక్క డిగ్రీల ఫారెన్‌హీట్ మీదున్న దాన్ని అరవై నాలుక్కి దించాడు.

"నువ్వు చెప్పిందే కరెక్టు నాన్నా. సేవ్ చేద్దాం."

పరంధామయ్యకి ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువ పోయింది. చెప్పీ చెప్పీ చివరికి తన మాట కొడుకు తలకెక్కిందనుకున్నాడు.

మర్నాటి నించీ ఆయన అసలు పని మొదలైంది. అగరొత్తి వెలిగించి చేత్తో పట్టుకుని కిటికీల అంచుల వెంబడి, తలుపుల కింద, ప్లగ్గుల దగ్గర నిదానంగా నడిపించేవాడు. పొగ నిలువుగా లేస్తే ఆ చోటు మంచిది. వంగి వణికితే అక్కడ సందుంది. పెన్సిలుతో ఆ చోట గీత పెట్టుకునేవాడు. అరవై ఏళ్ళ నాటి ఇల్లు, ఎక్కడ చూసినా గీతలే. కిటికీలకి పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి, జాహ్నవి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొడితే అది డోలు చర్మంలా బిగుసుకునేది. పెద్ద తలుపు కింద పాత చీర చుట్టి అడ్డంగా వేశాడు. గీజరు వేడి తగ్గించాడు. ఓవెన్‌లో ఏదైనా చేస్తే, ఆపేశాక ఆ వేడి ఇంట్లోకి వచ్చేలా దాని తలుపు తెరిచి ఉంచమని కోడలికి చెప్పాడు. బట్టలు బేస్‌మెంట్‌లో తాళ్ళమీద ఆరేవి.

కిటికీలన్నీ బిగిశాక ఇంట్లో మాటలు నిలవడం మొదలైంది.

చలికాలం ఇల్లు గట్టిగా మూసుకున్న వాళ్ళందరికీ అది ఉన్నదే. వేడి ఏ సందులోంచి పోతుందో మాటా అందులోంచే పోతుంది. సందులు మూస్తే రెండూ నిలుస్తాయి. మాట ఎక్కడ అన్నారో అక్కడే, మనిషి నోటి ఎత్తున, ఒకటి రెండు రోజులు ఉండిపోతుంది. దగ్గరికి వెళ్తే వినపడుతుంది, దూరం జరిగితే పోతుంది. వీధిలో మూడిళ్ళ అవతల ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న రాఘవులు కూడా అదే చెప్పాడు. "మేం ఇన్సులేషన్ చేయించిన ఏడాది మా ఆవిడ తిట్లు వారం రోజులు హాల్లోనే ఉన్నాయండీ. రోజూ ఒక పది నిమిషాలు బాత్రూం ఫ్యాన్ వెయ్యండి, తేలికవుతుంది."

"ఆ ఫ్యానుతో వేడి కూడా పోద్ది గదయ్యా" అన్నాడు పరంధామయ్య.

అందుకని వెయ్యలేదు. స్టవ్ దగ్గరికెళ్తే నిన్నటి "ఉప్పు చూడండి మామయ్యా" ఇంకా ఉండేది. మెట్ల మలుపులో హాసిని పాడిన స్కూలు పాట సగం ముక్క. సోఫా వెనక జాహ్నవి వాళ్ళమ్మతో ఫోన్లో అన్నది: "ఆయనకి ఆఫీసులో ప్రెషర్ ఎక్కువున్నట్టుందమ్మా. అన్నం సరిగ్గా తినట్లేదు." పరంధామయ్య వినీ విననట్టు పక్కనించి వెళ్ళిపోయేవాడు. ఇంకొకళ్ళ మాటలు కదా.

శంకర్ మాటలు మాత్రం ఇంట్లో ఎక్కడా ఉండేవి కావు.

అతను ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. పొద్దున్నే తయారై, టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుని, "ఒక కాల్ ఉంది" అని బేస్‌మెంట్‌లోకి దిగేవాడు. పావుగంటకి పైకి వచ్చి కారెక్కి వెళ్ళిపోయేవాడు. కింద, ఇల్లంతటికీ వేడి గాలి పంపే ఫర్నేసు వెనక చిన్న కిటికీ ఒకటి, దాని చట్రం వంకరపోయి వేలు దూరేంత సందు ఉంది. శంకర్ నిలబడేది అక్కడే. అక్కడైతే అన్న మాట అన్నట్టే బయటికి పోతుంది.

పరంధామయ్యకి ఆ సంగతి తెలీదు. ఆయనకి తెలిసింది, అగరొత్తి పొగని ఆ కిటికీ నోరు పెట్టి పీల్చినట్టు పీల్చేస్తోందని. పునాది గోడకీ పైన చెక్కకీ మధ్య కూడా చుట్టూరా అదే వరస. "ఇంట్లో సగం వేడి ఈడే పోతా ఉంది" అనుకుని, బుధవారం శంకర్ వెళ్ళగానే మెట్ల నిచ్చెన వేసుకుని పని పెట్టుకున్నాడు. రాఘవులు తెచ్చిచ్చిన, కొట్టగానే ఉబ్బి గట్టిపడే నురుగు డబ్బాతో సందులన్నీ నింపాడు. చిన్న కిటికీకి మందపాటి థర్మకోల్ పలక కోసి, అంచులు టేపు వేసి, అది కనపడకుండా ముందరున్న పాత తెర మళ్ళీ సర్దాడు. సాయంత్రం మళ్ళీ అగరొత్తి వెలిగిస్తే పొగ తాడు వేలాడదీసినట్టు నిలువుగా లేచింది. కొడుక్కి చెబుదామనుకున్నాడు. శంకర్ వచ్చి, తలనొప్పి అని పైకి వెళ్ళి పడుకున్నాడు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు.

గురువారం పొద్దున బయట మంచు సన్నగా పడుతోంది. శంకర్ మామూలుగానే బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఆ రోజు అరగంట పట్టింది. పైకి వచ్చి, హాసిని ముందు మోకాళ్ళమీద కూచుని ఆమె బూట్ల లేసులు కట్టాడు.

"డాడీ, ఐ కెన్ డూ ఇట్. నాకు వచ్చు."

"తెలుసురా బంగారం. ఈ ఒక్కసారి నేను కడతా."

తర్వాత హాల్లోకి వచ్చి థర్మోస్టాట్‌ని డెబ్భై రెండుకి పెంచాడు.

"అంత దేనికిరా?" అన్నాడు పరంధామయ్య.

"ఇవాళ బాగా చలిగా ఉంది నాన్నా. వెచ్చగా ఉండండి." తండ్రి భుజమ్మీద చెయ్యి వేసి తీశాడు. "జాగ్రత్త."

కారు వెళ్ళిన చప్పుడు. జాహ్నవి హాసినిని స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి, పైన లాప్‌టాప్‌లో పిల్లలకి లెక్కలు చెప్పడానికి కూచుంది. పరంధామయ్య థర్మోస్టాట్‌ని మళ్ళీ అరవై నాలుక్కి దించి, ఫర్నేసు ఫిల్టరు మార్చే రోజు కదా అని కొత్త ఫిల్టరు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు.

ఫర్నేసు వెనక్కి వెళ్ళేసరికి కొడుకు గొంతు ముఖానికి తగిలింది.

"జానూ, నీకొకటి చెప్పాలి."

పరంధామయ్య వెనక్కి తగ్గబోయాడు. మొగుడూ పెళ్ళాల మాటలు. కానీ ఆ గొంతులో ఏదో ఉంది, కాలు కదల్లేదు.

"జానూ, కోప్పడకు. జాబ్ పోయింది. జనవరి రెండునే పోయింది." కాస్త ఆగి మళ్ళీ మొదట్నించి. "జానూ, నేను రోజూ వెళ్ళేది ఆఫీస్‌కి కాదు. లైబ్రరీకి." మళ్ళీ. "జానూ, హెచ్ వన్ వీసా మీద ఇంక ఇక్కడుండడానికి అరవై రోజులే టైం. ఇంకా ఇరవై ఏడున్నాయి. నిన్నటి ఇంటర్వ్యూ కూడా రిజెక్ట్ అయింది. ఇంక ఎక్కడా ఏమీ లేవు."

తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడు.

"చెప్పలేను. నా వల్ల కాదు."

పరంధామయ్య చేతిలోంచి ఫిల్టరు జారిపోయింది.

"నాన్నకెట్లా చెప్పేది? పాపం లైట్లు ఆర్పుకుంటూ తిరుగుతున్నాడు. దేనికి ఆర్పుతున్నాడో తెలీకుండా." గొంతు అణిగిపోయింది. ఇప్పుడు దాన్ని వినడానికి పరంధామయ్య ఇంకా ముందుకి జరిగి చెవి ఒగ్గాల్సి వచ్చింది. "నేను లేకపోతే వీళ్ళు ఊరెళ్ళి ఎట్లాగో బతుకుతారు. నేనుంటేనే కష్టం. ఇవాళ్టితో అయిపోవాలి. లేక్ దగ్గర ఈ టైంలో ఎవ్వరూ ఉండరు."

ఆ తర్వాత ఒక్క మాట. "హాసినీ."

అంతే. మళ్ళీ మొదటికి వచ్చింది. "జానూ, నీకొకటి చెప్పాలి."

మెట్లెలా ఎక్కాడో ఆయనకి తెలీదు. పైన జాహ్నవి గది తలుపు తోసి నిలబడ్డాడు. కోడలి చెయ్యి పట్టుకుని లాగాడు, అంతకు ముందెప్పుడూ ఆ పిల్ల చెయ్యి తాకని మనిషి.

"ఏమైంది మామయ్యా? క్లాస్‌లో ఉన్నాను. మామయ్యా, ఏమైంది?"

"కిందికి రా. రా తల్లీ."

జాహ్నవి ఫర్నేసు వెనక నిలబడి వింది. లైబ్రరీ మాట దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరి దాకా వినలేదు. 'లేక్' అన్న మాట వినగానే మెట్లవైపు పరిగెత్తింది. ఫోన్ చేస్తూనే బూట్లు తొడుక్కుంది. ఫోన్ మోగుతోంది, తియ్యలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది.

"ఏ లేకో తెలుసా అమ్మా?"

"తెలుసు. హాసిని పుట్టినరోజుకి వెళ్ళాం. ఆయనకి వేరే ఏ లేకూ తెలీదు."

వ్యాన్ తీసేటప్పుడు జాహ్నవి చేతిలోంచి తాళం రెండుసార్లు కింద పడింది. దారిలో ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి ఇంగ్లీషులో గబగబా చెప్పింది. కారు రంగు, నంబరు, ఆయన వయసు. రాఘవులుకి చేసి సాయంత్రం హాసినిని స్కూలు నించి తన ఇంటికి తెచ్చుకోమంది. ఇరవై రెండు నిమిషాల దారి. పరంధామయ్య ముందు గాజుమీద పడి కరుగుతున్న మంచు చూస్తూ, తన కొడుకు చిన్నప్పట్నించీ తనతో చెప్పుకున్న సంగతులు ఏమున్నాయని వెతుక్కున్నాడు. టెన్త్‌లో జిల్లా ఫస్ట్ వచ్చిన రోజు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. "సరే, లైటార్పి పడుకో" అన్నాడు తను. కొడుకు నవ్వి ఆర్పాడు. అంతకంటే పెద్దదేదీ గుర్తుకు రాలేదు.

లేక్ పార్కింగ్‌లో శంకర్ కారు ఒక్కటే ఉంది. ఇంజను ఆపేసి ఉంది. లోపల మనిషి లేడు. సీట్లో మడత పెట్టిన కోటు, దానిమీద ఫోను. పార్కింగ్ అంచు నించి నీళ్ళవైపు అడుగులు పడి ఉన్నాయి. వాటిమీద అప్పుడే కొత్త మంచు పేరుకుంటోంది.

జాహ్నవి ఒడ్డు వెంబడి ఎడమవైపు పరిగెత్తింది. పరంధామయ్య అడుగులు పట్టుకుని నేరుగా వెళ్ళాడు. కాళ్ళకి కాన్వాస్ బూట్లు, తలకి మంకీ క్యాపు, పైన కొడుకు పాత స్వెటరు. లేక్ అంతా గడ్డకట్టి ఆకాశం రంగులోనే ఉంది. ఏది నీళ్ళో ఏది గాలో తెలీడం లేదు. ఒడ్డు నించి లోపలికి ఒక చెక్క వంతెన వెళ్ళి మధ్యలో ఆగిపోయింది. దాని కొసన చొక్కాతో ఒక మనిషి కాళ్ళు కిందికి వేలాడేసి కూచుని ఉన్నాడు.

"శంకరా!"

గాలి ఆ పిలుపుని నోటి దగ్గరే లాగేసుకుంది. అక్కడ గోడల్లేవు, పైకప్పు లేదు. అన్నది అన్నట్టే పోయింది. పరంధామయ్య మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పోయింది. ఊపిరి అందడం లేదు, చెక్కమీద మంచుకి కాళ్ళు జారుతున్నాయి. ఒకసారి మోకాళ్ళమీద పడ్డాడు, పడే పిలిచాడు. "శంకరా! నాయనా! శంకరా!" చిన్నప్పుడు వాళ్ళమ్మ పిలిచే పేర్లన్నీ, తానెన్నడూ పిలవనివి, ఒకదాని తర్వాత ఒకటి పిలిచాడు. ఎన్ని పిలిచాడో. గొంతు చీరుకుపోయింది. ఒకటి పోతే ఇంకొకటి, అది పోతే ఇంకొకటి. చివరికి వాటిల్లో ఒకటి ఆ కొస దాకా చేరినట్టుంది. శంకర్ తల తిప్పాడు.

పరంధామయ్య వెళ్ళి పక్కన కూలబడి, రెండు చేతులతో కొడుకు చొక్కా గుప్పిట పట్టుకున్నాడు. చొక్కా బట్టలా లేదు, రేకులా ఉంది.

శంకర్ పెదాలు నీలంగా ఉన్నాయి. "ఎట్లా తెలిసింది నాన్నా?"

"బేస్‌మెంట్‌లో సందులు మూసేసినా. నిన్న."

"ఆ కిటికీ..."

"అది కూడా."

శంకర్ మంచుగడ్డ వైపు చూశాడు. "అంతా నిలిచిందా?"

"అంతా నిలిచింది."

"జానూ విందా?"

"వినింది. అదిగో, వస్తా ఉంది."

శంకర్ ఒడ్డు వైపు చూసి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అప్పుడు అతని ఒళ్ళంతా వణకడం మొదలైంది. పరంధామయ్య తన స్వెటరు విప్పి కొడుకు తలమీదుగా తొడగబోతే చేతులు సహకరించలేదు. సగం తొడిగి, మిగతా సగాన్ని చుట్టి, దాని పైనించి తానే కావలించుకున్నాడు.

"నేను దేనికి లైట్లు ఆర్పుతా ఉండానో నాకు తెలుసురా" అన్నాడు. "మీ అమ్మ పోయినాక నాకు ఇంక చేతనైందేమీ లేదు. నీకేం చెయ్యాలో, నీతో ఏం మాట్లాడాలో తెలీలా. అందుకని ఆర్పుతా ఉండా. ఉద్యోగం పోతే పోనీ. ఈ దేశం పోతే పోనీ. నువ్వు పోతే నేను ఎవురికోసరం ఆర్పేది?"

శంకర్ తండ్రి లేపితే లేచాడు.

పోలీసు కారు, అంబులెన్సూ వచ్చాయి. అంబులెన్సు వాళ్ళు దుప్పట్లు చుట్టి, వేడి పట్టీలు పెట్టి, చాలా ప్రశ్నలడిగారు. ఆ తర్వాత ఆసుపత్రిలో నాలుగు రోజులు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మతో మాటలు. ఉద్యోగం దొరకలేదు. అరవై రోజులు అయిపోక ముందే నలుగురూ ఒకే విమానంలో చెన్నైలో దిగారు. శంకర్‌కి అక్కడికి దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో పని దొరకడానికి వేసవి దాటింది. హాసిని ఆ ఏడాదంతా అలిగి తెలుగులో మాట్లాడనంది. మంచి రోజులని చెప్పలేం. శంకర్ ఇప్పటికీ కొన్ని పొద్దుటిపూటలు మంచం దిగడు. ఆ పూట జాహ్నవో పరంధామయ్యో పక్కన కూచుంటారు. కానీ అతను ఉన్నాడు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ గురువారానికి నాలుగు రోజుల తర్వాత, సోమవారం మధ్యాహ్నం, ఆసుపత్రి నించి వ్యాన్‌లో ఇంటికి వస్తున్నప్పుడు, ముందు సీట్లో కూచున్న శంకర్ సీటు బెల్టు పట్టీని మెలిపెడుతూ అన్నాడు:

"జానూ, జాబ్ పోయింది."

జాహ్నవి రోడ్డుమీద నించి కళ్ళు తిప్పలేదు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. బయట సున్నాకి కింద ఉంది. వెనక సీట్లో పరంధామయ్య కదలకుండా కూచున్నాడు. మాట ఎక్కడికీ పోలేదు. డాష్‌బోర్డుకీ వాళ్ళ ముఖాలకీ మధ్య నిలబడిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే మళ్ళీ వినపడింది. మలుపు తిరిగితే మళ్ళీ. జాబ్ పోయింది. జాబ్ పోయింది. శంకర్ ఓర్చుకోలేక అద్దం దించడానికి బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

జాహ్నవి ఆ చేతిని పట్టుకుంది.

"దించకు" అంది. "నెల రోజులు నువ్వొక్కడివే విన్నావు. ఇప్పుడు నన్ను విననీ."

శంకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి, అడక్కుండానే, మిగతాదంతా మొదట్నించి చెప్పడం మొదలుపెట్టాడు.